శత్రువు పోయినా కూటమి ఎందుకు మిగులుతుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను. సోవియట్ యూనియన్‌ను అడ్డుకోవడానికి పుట్టిన నాటో (ఉత్తర అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి), ఆ దేశమే లేకుండా పోయాక ఎందుకు మూతపడలేదు? చైనా బలపడుతూ, అమెరికా తన భారం తగ్గించుకోవాలని చూస్తున్న ఈ రోజుల్లో సైనిక కూటములు ఎలా సర్దుకుంటాయి? మన దేశం కూడా చివరికి ఏదో ఒక పక్షాన చేరక తప్పదా?

సూటిగా చెప్పాలంటే, బతికి బట్టకట్టే కూటములు ఒప్పందాన్ని దాదాపు ముట్టుకోవు. ఆ ఒప్పందం కింద జరిగే పనిని మార్చుకుంటాయి. ఎవరిని ఎదుర్కోవాలి, ఎక్కడ, ఎవరి ఖర్చుతో, ఎవరి ఆజ్ఞ కింద అన్నవి నాలుగూ కాలక్రమంలో మారిపోతాయి. సంతకాలు చేసిన కాగితం మాత్రం అలాగే ఉంటుంది. ఇలా పని మార్చుకోవాలంటే ఏడాది పొడవునా నడిచే కార్యాలయం, ఉమ్మడి కమాండు, ఒకరివి ఒకరికి సరిపోయే పరికరాలు, కలిసి శిక్షణ పొందిన అధికారులు కావాలి. అవి లేని కూటమి, ఒప్పందంలో ఎంత గంభీరమైన మాటలు రాసుకున్నా, బలాబలాలు తారుమారైన మొదటిసారే కూలిపోతుంది. మీ చివరి ప్రశ్నకు నా జవాబు "లేదు". ఎందుకో తర్వాత చెబుతాను.

నేను భారత నౌకాదళంలో పనిచేశాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండులోనే గడిచింది. విదేశీ నౌకాదళాలతో ఉమ్మడి విన్యాసాలకు ప్రణాళికలు వేయడం అందులో ఒక భాగం. ఇప్పుడు యువ అధికారులకు ఇదే విషయం మీద పాఠాలు చెబుతున్నాను. అందువల్ల కూటములను నేను శిఖరాగ్ర సదస్సుల ఫోటోల్లో కన్నా ఇంధనం లెక్కల్లో, రేడియో సంకేతాల పుస్తకాల్లో ఎక్కువగా చూస్తాను. ఈ సమాధానంలో ఆ పక్షపాతం ఉంటుంది, గమనించండి.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. నాటో సభ్యదేశం మీద దాడి జరిగితే మిగిలిన వాళ్లందరూ ఆటోమేటిక్‌గా యుద్ధంలోకి దిగుతారని చాలామంది అనుకుంటారు. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన ఆ ఒప్పందంలో ఉన్నవి 14 అధికరణలే. వాటిలో అయిదోది, ఒకరి మీద దాడిని అందరి మీద దాడిగా పరిగణించాలని చెబుతూనే, ప్రతి సభ్యదేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకోవచ్చని కూడా చెబుతుంది. సైన్యాన్ని పంపడం ఆ చర్యల్లో ఒకటి మాత్రమే. అమెరికా సెనేట్ ఒప్పుకోవాలంటే మాటలను అంత వదులుగా రాయక తప్పలేదు. నా దృష్టిలో ఈ వదులుతనమే నాటోను కాపాడింది. శత్రువు పేరు ఒప్పందంలో ఎక్కడా లేదు. సోవియట్ యూనియన్ అని రాసి ఉంటే 1991 డిసెంబరులో ఆ కాగితానికి కాలం చెల్లిపోయేది.

ఆరో అధికరణ మాత్రం గట్టి గిరి గీసింది. రక్షణ హామీ యూరప్, ఉత్తర అమెరికా భూభాగాలకూ, కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న అట్లాంటిక్ దీవులకూ పరిమితం. 1982లో అర్జెంటీనా ఫాక్లాండ్ దీవులను ఆక్రమించినప్పుడు బ్రిటన్ నాటో హామీని వాడుకోలేకపోయింది. పసిఫిక్ మధ్యలో ఉన్న అమెరికా రాష్ట్రం హవాయి కూడా ఈ గిరికి అవతలే ఉంది. చైనా గురించి నాటో ఎంత మాట్లాడినా ఆ అధికరణ మారలేదన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు కూలిపోయిన కూటముల సంగతి. 1954 సెప్టెంబరులో మనీలాలో ఆగ్నేయాసియా ఒప్పంద కూటమి సియాటో పుట్టింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, పాకిస్థాన్ సభ్యులు. బ్యాంకాక్‌లో కార్యాలయం ఉండేది కానీ కూటమికంటూ సొంత సేనలు గానీ నాటో తరహా ఉమ్మడి కమాండు గానీ లేవు. మరుసటి ఏడాది పశ్చిమాసియాలో అలాంటిదే బాగ్దాద్ ఒప్పందం వచ్చింది. 1958లో ఇరాక్‌లో రాచరికం కూలి, 1959లో ఆ దేశం తప్పుకోవడంతో దానికి సెంటో అని పేరు మార్చాల్సి వచ్చింది. బాగ్దాదే లేని బాగ్దాద్ ఒప్పందం మరి!

పాకిస్థాన్ ఈ రెండిట్లోనూ చేరింది. అమెరికా లెక్కలో అది కమ్యూనిజానికి అడ్డుగోడ. పాకిస్థాన్ లెక్కలో అమెరికా ఇచ్చే ఆయుధాలు మన మీద వాడటానికి. సియాటో ఒప్పందానికి అమెరికా ఒక షరతు జోడించింది: తన బాధ్యత కమ్యూనిస్టు దాడికే వర్తిస్తుందని. 1965 యుద్ధంలో పాకిస్థాన్‌కు ఏ కూటమీ సైనికంగా అండగా రాలేదు. పైగా అమెరికా ఇరుపక్షాలకూ ఆయుధాల సరఫరా ఆపేసింది. 1971 తర్వాత పాకిస్థాన్ సియాటో నుంచి బయటికొచ్చింది. వియత్నాం యుద్ధం ముగిశాక 1977 జూన్ 30న సియాటో, ఇరాన్ విప్లవంతో 1979లో సెంటో రద్దయ్యాయి.

ఇందులో విశాఖ వాసులకు బాగా తెలిసిన ఒక ముక్క ఉంది. 1971 డిసెంబరు 3-4 అర్ధరాత్రి వేళ విశాఖ హార్బరు ముందు మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికన్ నౌక. డయాబ్లో పేరుతో అమెరికా నౌకాదళంలో పనిచేసి, 1964లో పాకిస్థాన్‌కు అరువుగా వెళ్లింది. అది ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల కథనాలూ వేరు. మనవాళ్లు రాజ్‌పుత్ నౌక విసిరిన డెప్త్ చార్జీల వల్లనంటారు, వాళ్లు లోపలో బయటో జరిగిన పేలుడు వల్లనంటారు. ఆ వాదం పక్కన పెడితే, కమ్యూనిస్టులను ఎదుర్కోవడానికని మిత్రుడికి ఇచ్చిన జలాంతర్గామి బంగాళాఖాతంలో మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుకుతూ తిరిగింది. ఒకే కాగితం మీద సంతకం చేసినవాళ్లకు ఒకే శత్రువు ఉండాలన్న నియమం లేదు. బలాబలాలు మారినప్పుడు ఈ తేడాయే ముందు బయటపడుతుంది.

ఇక నాటో దగ్గరికి వద్దాం. అందరూ 1991 గురించి మాట్లాడతారు. నా విద్యార్థులను నేను ముందు 1966-67 చదవమంటాను. అసలు పరీక్ష అప్పుడే జరిగింది.

1950ల చివరికి సోవియట్ క్షిపణులు అమెరికా నగరాలను చేరే స్థాయికి వచ్చాయి. దానితో యూరప్‌లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేచింది: పారిస్‌ను కాపాడటానికి న్యూయార్క్‌ను పణంగా పెట్టే అమెరికా అధ్యక్షుడు ఉంటాడా? ఫ్రాన్స్ అధ్యక్షుడు జనరల్ డిగాల్ ఉండడని తేల్చుకున్నాడు. 1960లో ఫ్రాన్స్ సొంత అణుపరీక్ష జరిపింది. 1966 మార్చిలో నాటో ఉమ్మడి సైనిక కమాండు నుంచి వైదొలుగుతున్నట్టు ప్రకటించి, విదేశీ సేనలన్నీ 1967 ఏప్రిల్ 1 లోగా ఫ్రాన్స్ వదిలి వెళ్లాలన్నాడు. పారిస్‌లో ఉన్న ప్రధాన కార్యాలయం బ్రస్సెల్స్‌కూ, సైనిక కమాండు బెల్జియంలోనే మోన్స్ సమీపంలోని కాస్తోకూ తరలాయి. దీనికి తోడు పదమూడో అధికరణ ప్రకారం ఒప్పందం అమల్లోకి వచ్చి 20 ఏళ్లు నిండాక ఎవరైనా ఏడాది నోటీసుతో వెళ్లిపోవచ్చు. అంటే 1969 నుంచి తలుపు తెరిచే ఉంటుంది.

అప్పుడు కూటమి ఏం చేసిందో చూడండి. ఫ్రాన్స్‌తో తెగతెంపులు చేసుకోలేదు. ఫ్రాన్స్ కూడా ఒప్పందం నుంచి బయటికి పోలేదు, ఉమ్మడి కమాండు నుంచే పోయింది. 1967లోనే ఫ్రెంచ్ సేనాధిపతి ఐలెరె, నాటో కమాండరు లెమ్నిట్జర్ కూర్చుని, యుద్ధం వస్తే ఫ్రెంచ్ సేనలు ఎలా కలిసి పనిచేయాలో చప్పుడు లేకుండా రాసుకున్నారు. పైకి విడాకులు, లోపల కాపురం. అదే ఏడాది బెల్జియం విదేశాంగ మంత్రి హార్మెల్ నేతృత్వంలో తయారైన నివేదిక కూటమికి రెండో పని అప్పగించింది: సైనిక బలం నిలుపుకుంటూనే సోవియట్ కూటమితో సంబంధాలు మెరుగుపరచుకోవడం. దాడికి వెంటనే భారీ అణుదాడే జవాబన్న పాత వ్యూహం స్థానంలో, దాడి తీవ్రతను బట్టి దశలవారీగా స్పందించే వ్యూహం వచ్చింది. అణ్వాయుధాల వినియోగం మీద జర్మనీ వంటి దేశాలకు కూడా మాట ఉండేలా 1966లో ఒక ప్రణాళికా బృందం ఏర్పడింది. ఇంత జరిగినా ఒప్పందంలో ఒక్క వాక్యం మారలేదు. 1969 వచ్చింది, వెళ్లింది. ఎవరూ తలుపు దాటలేదు. ఫ్రాన్స్ 2009లో ఉమ్మడి కమాండులోకి తిరిగి వచ్చింది.

దీన్ని సోవియట్ నాయకత్వంలోని తూర్పు యూరప్ కూటమి వార్సా ఒప్పందంతో పోల్చితే నేను పైన చెప్పిన సూత్రానికి ఒక సవరణ అవసరమని తెలుస్తుంది. కార్యాలయం, కమాండు, ఒకే రకం పరికరాలు ఉంటే చాలుననుకుంటే వార్సా కూటమికి నాటో కన్నా ఎక్కువ కాలం ఆయుష్షు ఉండాలి. పోలండ్ నుంచి బల్గేరియా దాకా ఒకే రకం ట్యాంకులు, ఒకే రకం తూటాలు, మాస్కో నుంచి ఆజ్ఞలు. కానీ 1956లో ఆ కూటమి నుంచి తప్పుకుంటామన్న హంగరీ మీదికి సోవియట్ ట్యాంకులు వెళ్లాయి. 1968లో వార్సా దేశాల సేనలు దాడి చేసింది తమ సభ్యదేశమైన చెకొస్లొవేకియా మీదే. డిగాల్ చేసిన పని బుడాపెస్ట్‌లో ఎవరైనా చేసి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా? పెద్దన్న చెయ్యి వదులు చేయగానే 1991 జులై 1న ప్రాగ్‌లో ఆ కూటమికి తెర దించేశారు. యంత్రాంగం ఉండాలి, దాని లోపల కాదనే హక్కూ ఉండాలి.

1991 విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిన కథ. నాటో తన పాత ప్రత్యర్థులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టేందుకు పెట్టిన మండలి తొలి సమావేశం 1991 డిసెంబరు 20న జరిగింది. ఆ సమావేశం నడుస్తుండగానే, తన దేశం ఇక ఉండబోదని సోవియట్ రాయబారికి కబురందింది. తుది ప్రకటనలో తన దేశం పేరు తొలగించాలని ఆయన కోరాడు. శత్రువు కళ్లముందే మాయమైపోతే కూటమి ఏం చేయాలి? అంతవరకు తుపాకీ పేల్చని నాటో 1994 ఫిబ్రవరి 28న బోస్నియా గగనతలంలో సెర్బు విమానాలను కూల్చి తొలిసారి యుద్ధచర్యకు దిగింది. 1999లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అనుమతి లేకుండా యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది. అదే ఏడాది పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్, 2004లో బాల్టిక్ దేశాలతో కలిపి మరో ఏడు దేశాలు చేరాయి.

ఈ విస్తరణే రష్యాను రెచ్చగొట్టిందా అని మీరు అడుగుతారని తెలుసు. నా అభిప్రాయం: తూర్పు యూరప్ దేశాలు తమంతట తామే వచ్చి తలుపు తట్టాయి, వాటి భయం నిజమైనది. కానీ 2008లో బుఖారెస్ట్ సదస్సు ఉక్రెయిన్, జార్జియాలను ఏదో ఒక రోజు చేర్చుకుంటామని ప్రకటించి, ఎప్పుడో, ఎలాగో చెప్పకుండా వదిలేయడం మాత్రం అన్ని విధాలా చెడ్డ నిర్ణయం. రష్యాకు కోపం కలిగింది, ఆ దేశాలకు రక్షణ దొరకలేదు. సైనిక కూటమి ఇచ్చే హామీ సగంలో ఆగకూడదు.

అయిదో అధికరణను ఇప్పటివరకు ఒక్కసారే వాడారు, అదీ యూరప్ కోసం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల మరునాడు, అమెరికా కోసం. ఆ తర్వాత నాటో నిఘా విమానాలు అమెరికా గగనతలంలో గస్తీ తిరిగాయి. 2003 నుంచి అఫ్గానిస్థాన్‌లో అంతర్జాతీయ సేనల పగ్గాలు నాటో చేతికొచ్చాయి. అట్లాంటిక్ తీరాల రక్షణకు పుట్టిన కూటమి హిందూకుష్ పర్వతాల దాకా నడిచింది. అక్కడ ఏం మిగిలిందో 2021 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది.

శత్రువు గురించిన అంచనా ఎంత త్వరగా మారుతుందో చూడాలంటే రెండు వ్యూహపత్రాలు పక్కపక్కన పెట్టండి. 2010 పత్రంలో రష్యాతో వ్యూహాత్మక భాగస్వామ్యం కావాలని రాసుకున్నారు. 2022 మాడ్రిడ్ పత్రంలో అదే రష్యా అత్యంత పెద్ద, ప్రత్యక్ష ముప్పు. చైనా పేరు నాటో వ్యూహపత్రంలోకి ఎక్కింది కూడా అప్పుడే. మధ్యలో 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకోవడం, 2022లో పూర్తి స్థాయి ఉక్రెయిన్ యుద్ధం. రెండు వందల ఏళ్లుగా కూటములకు దూరంగా ఉన్న స్వీడన్, 1948 ఒప్పందంతో మాస్కో మాట కాదనలేని స్థితిలో దశాబ్దాలు గడిపిన ఫిన్లాండ్ నాటోలో చేరాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, స్వీడన్ 2024 మార్చిలో. సభ్యుల సంఖ్య 32 అయింది. స్వీడన్‌ను తుర్కియే, హంగరీ చాలా కాలం ఆపిన సంగతి కూడా చెప్పాలి. కాదనే హక్కు ఉన్న చోట దానికి వెల కట్టే సభ్యులూ ఉంటారు.

ఎవరి ఖర్చుతో అన్నది ఇప్పుడు అసలు పోరు. 2014 వేల్స్ సదస్సులో జీడీపీలో 2 శాతం రక్షణకు ఖర్చు పెట్టాలన్న లక్ష్యం పెట్టుకున్నప్పుడు దాన్ని అందుకున్నవి మూడే దేశాలు. 2024 నాటికి 23 దేశాలు అందుకుంటాయని నాటో లెక్క వేసింది. 2025 జూన్‌లో హేగ్‌లో లక్ష్యాన్ని 2035 కల్లా 5 శాతానికి పెంచారు. అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, మిగతా 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ రక్షణ లాంటి వాటికి. ఆ 1.5 శాతంలో ప్రభుత్వాలు ఏమేమి కలిపి చూపిస్తాయో చూడటం సరదాగా ఉంటుంది. శాతాల కన్నా నేను పట్టించుకునేది లిథువేనియాలో జర్మనీ నిలుపుతున్న బ్రిగేడును. 2027 కల్లా దాదాపు 4,800 మంది సైనికులు అక్కడ శాశ్వతంగా ఉండాలన్నది లక్ష్యం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ ఇలా విదేశంలో సేనను శాశ్వతంగా ఉంచడం ఇదే మొదలు. కుటుంబాలతో సహా సైనికులు తరలి వెళ్లి, వాళ్ల పిల్లలు అక్కడి బడుల్లో చేరితే ఆ హామీని అంత తేలిగ్గా వెనక్కి తీసుకోలేరు.

ఆసియాలో పరిస్థితి వేరు. అక్కడ అమెరికా అందరినీ కలిపి ఒక నాటో కట్టలేదు. జపాన్‌తో ఒకటి, దక్షిణ కొరియాతో ఒకటి, ఫిలిప్పీన్స్‌తో ఒకటి అని విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. వీటిలో ఫిలిప్పీన్స్ ఉదాహరణ నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే అది చచ్చి బతికిన కూటమి.

1951లో పరస్పర రక్షణ ఒప్పందం కుదిరింది. సూబిక్ బేలో అమెరికా నౌకాదళానికి భారీ స్థావరం, క్లార్క్‌లో వైమానిక స్థావరం ఉండేవి. 1991 జూన్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలి క్లార్క్‌ను బూడిదతో కప్పేసింది. సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్ స్థావరాల కొనసాగింపును 12-11 ఓట్లతో తిరస్కరించింది. వలస పాలన నాటి గాయాలు, నియంత మార్కోస్‌కు అమెరికా అండగా నిలిచిన జ్ఞాపకాలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి. సోవియట్ భయం కూడా పోయింది. 1992 నవంబరులో అమెరికన్లు సూబిక్ ఖాళీ చేశారు. ఒప్పందం మాత్రం రద్దు కాలేదు, బీరువాలో ఉండిపోయింది.

1995లో ఫిలిప్పీన్స్ తనదంటున్న మిస్చీఫ్ రీఫ్‌ను చైనా ఆక్రమించింది. దాంతో మనీలా మనసు మారడం మొదలైంది. 1998లో అమెరికా సేనల రాకపోకలకు ఒక ఒప్పందం, 2012లో స్కార్‌బరో దిబ్బ చేజారాక 2014లో స్థానిక స్థావరాలను అమెరికన్లు వాడుకునే ఒప్పందం వచ్చాయి. మధ్యలో అధ్యక్షుడు దుతెర్తె చైనా వైపు మొగ్గి 2020లో రాకపోకల ఒప్పందానికి నోటీసు ఇచ్చి, 2021లో వెనక్కి తీసుకున్నాడు. 2023లో అమెరికన్లు వాడుకోగల స్థావరాలు తొమ్మిదికి పెరిగాయి. కొత్తవాటిలో మూడు తైవాన్ వైపు చూసే ఉత్తర లూజాన్‌లో ఉన్నాయి. 1951 నాటి కాగితం ఈ సమయమంతా అలాగే ఉంది. అందులోని "పసిఫిక్" అన్న మాటకు దక్షిణ చైనా సముద్రం కూడా వస్తుందని అమెరికా 2019లో స్పష్టం చేసింది. తీరరక్షక నౌకల మీద దాడి కూడా లెక్కలోకి వస్తుందని 2023 మార్గదర్శకాల్లో రాసుకున్నారు. బతికే కూటములు ఒప్పందాన్ని ముట్టుకోవన్న నా మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం చూపలేను.

జపాన్ ఇదే పని తన రాజ్యాంగంతో చేసింది. యుద్ధాన్ని త్యజించే తొమ్మిదో అధికరణను సవరించకుండానే, మిత్రదేశం మీద దాడి జరిగినా కొన్ని షరతులతో బలప్రయోగం చేయవచ్చని 2014లో కొత్త భాష్యం చెప్పుకుంది. 2015లో చట్టాలు చేసింది. దక్షిణ కొరియాలో మాత్రం "ఎవరి ఆజ్ఞ కింద" అన్న ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. యుద్ధం వస్తే ఉమ్మడి సేనలకు అధిపతి అమెరికన్ జనరలే. ఆ అధికారం 2012లో సియోల్‌కు బదలాయించాలనుకున్నారు, 2015కు జరిపారు, తర్వాత తేదీ తీసేసి షరతులు పెట్టారు.

ఈ వాయిదాల వెనుక రెండు భయాలున్నాయి. చిన్న మిత్రుడికి "అవసరానికి వదిలేస్తారేమో" అన్న భయం. పెద్ద మిత్రుడికి "వీళ్ల గొడవలోకి నన్ను లాగుతారేమో" అన్న భయం. ఒక భయాన్ని తగ్గించే ప్రతి చర్యా రెండోదాన్ని పెంచుతుంది. బలాబలాలు మారుతున్న కాలంలో కూటమి లోపల జరిగే బేరసారాలన్నీ ఈ రెండు భయాల మధ్యే నడుస్తాయి. 1985లో అణ్వాయుధాలు ఉన్నాయో లేదో చెప్పని అమెరికా నౌకను న్యూజిలాండ్ రానివ్వకపోవడం రెండో రకం భయమే, కాకపోతే ఈసారి చిన్న మిత్రుడిది. మరుసటి ఏడాది అమెరికా ఆ దేశానికిచ్చిన రక్షణ హామీని నిలిపేసింది.

ఇక మన సంగతి. మన దేశం ఎప్పుడూ కూటమిలో లేదని గర్వంగా చెప్పుకుంటాం కానీ, 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో తొమ్మిదో అధికరణ ఉంది: ఈ ఇద్దరిలో ఎవరి మీదైనా దాడి జరిగితే లేదా ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకోవాలని. కలిసి యుద్ధం చేయాలని లేదు. అమెరికా, చైనా దగ్గరవుతున్నాయని తెలిసిన కొద్ది వారాలకే సంతకాలు అయ్యాయి. ఆ డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఆ కాగితం విలువ తెలిసింది.

విశాఖ బీచ్ రోడ్డు మీద నడిస్తే మన మార్పు కనిపిస్తుంది. మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామి సోవియట్ తయారీ. రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 నిఘా విమానమూ అంతే. టీయూ-142లు చేసిన పని ఇప్పుడు అమెరికా నుంచి కొన్న పీ-8ఐలు చేస్తున్నాయి. హార్బరులో ఉండే జలాశ్వ నౌక ఒకప్పటి అమెరికా నౌక ట్రెంటన్, 2007లో మనకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో బంగాళాఖాతంలో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో మలబార్ విన్యాసాలు జరిగితే వామపక్షాలు కోల్‌కతా నుంచి, చెన్నై నుంచి జాతాలుగా బయలుదేరి విశాఖలో కలిశాయి. చైనా కూడా అభ్యంతరం చెప్పింది, తర్వాత ఆస్ట్రేలియా తప్పుకుంది. 2020 నవంబరులో ఆస్ట్రేలియా మళ్లీ చేరిన మలబార్ తొలి దశ విశాఖ తీరం ముందే జరిగింది. గల్వాన్ ఘటన జరిగి అప్పటికి అయిదు నెలలైంది. ఈసారి జాతాలు లేవు.

ఈ మధ్యకాలంలో నా స్థాయిలో కనిపించిన మార్పు చెబుతాను. విన్యాసాల్లో కష్టం ఎప్పుడూ క్షిపణులతో రాదు, మాట కలవడంతో వస్తుంది. రెండు నౌకాదళాల రహస్య సంకేతాలు కలవకపోతే, పక్కనే ఉన్న నౌక ఏం చూస్తోందో మనకు తెలియదు. గొంతుతో చెప్పుకుంటూ, కాగితం మీద గీసుకుంటూ గడపాలి. అమెరికా నుంచి కొన్న విమానాల్లో కూడా వాళ్ల సంకేత పరికరాల బదులు మార్కెట్లో దొరికే పరికరాలు పెట్టి ఇచ్చేవారు. 2018లో అమెరికాతో సంకేత సమాచార ఒప్పందం కామ్‌కాసా మీద సంతకం అయ్యాక ఆ అడ్డు తొలగింది. 2016 నాటి లెమోవాతో ఒకరి నౌకలకు ఒకరు ఇంధనం పోసుకుని లెక్క తర్వాత తేల్చుకునే వీలు వచ్చింది. అంతకు ముందు ప్రతిసారీ విడిగా అనుమతులు, విడిగా బిల్లులు. 2020లో వచ్చిన బెకా మ్యాపుల, ఉపగ్రహ సమాచారం పంపకానికి. వీటిలో ఏదీ మనల్ని ఎవరి యుద్ధంలోకీ లాగదు. కానీ నాటోను బతికించిందని నేను పైన చెప్పిన యంత్రాంగం సరిగ్గా ఇలాంటి ముక్కలతోనే తయారైంది.

అందుకే "చేరక తప్పదా" అన్న ప్రశ్నకు నా జవాబు "లేదు". హామీ ఇవ్వకుండా, తీసుకోకుండా, కలిసి పనిచేసే సామర్థ్యం మాత్రం పెంచుకోవడం మన దారి. దీనిలో చిక్కు లేకపోలేదు: కష్టం వచ్చిన రోజున ఎవరూ రావాల్సిన పని లేదు. చైనాతో 3,488 కిలోమీటర్ల సరిహద్దు మనదే, దాన్ని మన బదులు ఎవరూ కాయరు. మరోవైపు, రష్యాతో కలిసి తయారుచేసిన బ్రహ్మోస్ క్షిపణులను 2024లో అమెరికా మిత్రదేశమైన ఫిలిప్పీన్స్‌కు ఇచ్చాం. ఆ క్షిపణుల కూర్పు కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. ఏదో ఒక పక్షంలో పూర్తిగా చేరిన దేశం ఈ పని చేయగలిగేది కాదు.

చివరిగా, అమెరికా నాటోను వదిలేస్తుందా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి. 2023 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు గానీ కాంగ్రెస్ చట్టం గానీ లేకుండా అధ్యక్షుడు ఒప్పందం నుంచి తప్పుకోలేడు. అయితే ఆ చట్టం కాపాడేది కాగితాన్ని. సేనలు తగ్గించడానికి, నిఘా సమాచారం ఆపడానికి, 1951లో ఐసెన్‌హోవర్‌తో మొదలై ఇప్పటిదాకా అమెరికన్ల చేతిలోనే ఉన్న యూరప్ ప్రధాన సైన్యాధిపతి పదవిని యూరప్ వాడికి వదిలేయడానికి అధ్యక్షుడికి అంత అడ్డు ఉండదు. కాబట్టి వార్తల్లో సదస్సు ప్రకటనలు వదిలేసి, ఆ పదవిలో ఎవరు కూర్చుంటున్నారో, జర్మనీలోని అమెరికా స్థావరాల్లో ఎంతమంది మిగులుతున్నారో చూస్తూ ఉండండి.